మలుపు దగ్గరి ఊచ

గౌలిపుర,
హైదరాబాద్,
12 జూన్ 2024

అన్నా,

ఫోన్ చేస్తే సుజన ఎత్తుతుంది. నేను చెప్పినదాంట్లో సగం నీ చెవి దగ్గర అరిచి, మిగతా సగం డ్యూటీ నుంచి వచ్చాక చెబుతానంటుంది. ఆ మిగతా సగం ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా నీకు చేరినట్టు లేదు. నీ కూతురు నర్సు కాబట్టి ఆమెకు తీరిక లేదని సరిపెట్టుకుని మళ్లీ కాగితం పట్టుకున్నాను. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో సుత్తుల మోత మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నావు, కళ్లైనా మిగిలాయి, చదువుకో.

నందు పెళ్లి కుదిరింది. పిల్ల పేరు లావణ్య, కిషన్‌బాగ్ వాళ్లు. తండ్రి బస్సు డిపోలో మెకానిక్. బోనాల ఆదివారం వాళ్లంతా మన ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఇల్లు చూస్తామని నోరు తెరిచి అనలేదు గానీ వచ్చేది అందుకే. అప్పటి నుంచి నీ మేనల్లుడికి ఇంట్లో ప్రతిదీ పాతగా కనపడుతోంది. మొదట కన్ను పడింది మెట్ల మీద.

నువ్వు వేసిన ఊచలకు ఇరవై ఆరేళ్లు నిండాయి. మేడ మీద గది కట్టినప్పుడు, పాకుతున్న నందు ఎక్కడ పడతాడోనని నువ్వు సెలవు పెట్టి వచ్చి వేసిన ఊచలు. ఇప్పుడు వాడే వాటిని పీకేస్తానంటున్నాడు. వాడి తప్పు కూడా కాదులే. నేను రోజూ మెట్లు కడుగుతాను కదా, అడుగున తుప్పు తినేసింది. మొన్న కింది నుంచి మూడోది వాడి చేతిలోకే ఊడి వచ్చింది. వాడికి స్టీలు పైపులు కావాలి. మీ బావకు కొడుకు మాట వేదం. మా అత్త మాత్రం "ఉన్నయి ఉన్నట్టు ఉండనీయుర్రి, తుప్పు పట్టిన కాడ జర రంగేస్తే సరిపోతది" అంటోంది.

అత్తకు డెబ్భై ఎనిమిది. చూపు కొంచెం మందగించింది, అంతే. సాయంత్రం నాలుగు కాగానే ఇప్పటికీ ఎవరి సాయం లేకుండా మేడెక్కుతుంది. పక్కింటి ఆగమ్మ వాళ్ల మేడ గదిలోంచి బయటికి వస్తుంది. పిట్టగోడకు అటొకరు ఇటొకరు కూర్చుని పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటారు. మోకాళ్ల నొప్పులతో ఆగమ్మ వీధిలోకి దిగలేదు. అందుకే ఆ పిట్టగోడ ఒక్కటే వాళ్లిద్దరూ కలిసే చోటు. అంతసేపు ఏముంటాయో మాటలు, నాకైతే ఇప్పటికీ అంతుపట్టలేదు.

నువ్వు చెప్పు. ఇనుమా, స్టీలా? నిలువు ఊచలా, అడ్డం పైపులా? మధ్యలో ఎంత సందు ఉండాలి? లాల్‌దర్వాజ దగ్గర వెల్డింగ్ దుకాణం మొగులయ్య కొలతలు తీసుకుపోయాడు. తొందరగా రాయి.

నీ చెల్లె
యశోద

*

మంచిర్యాల,
19 జూన్ 2024

యశోదా,

నందు పెళ్లి వార్త చదివి చాలా సంతోషించాను. వాడిని భుజం మీద వేసుకుని మదీనా చౌరస్తా దాకా నడిచిన రోజులు నాకింకా నిన్నమొన్నటిలాగే ఉన్నాయి.

ఇంటి మెట్లకు నిలువు ఊచలే మేలు. అడ్డం పైపులు కంటికి బాగుంటాయి గానీ పిల్లలు వాటిని నిచ్చెన చేసుకుని ఎక్కుతారు. రేపు నందుకు పిల్లలు పుడతారు కదా. సందు నాలుగు అంగుళాలు దాటనివ్వకు. టేపు లేకపోతే మీ పాల దుకాణంలో కొలతకు వాడే లీటరు డబ్బా పెట్టి చూడు, అది దూరకూడదు. ఇనుమే అయితే పన్నెండు మిల్లీమీటర్ల చదరపు కడ్డీ అడుగు. లోపల గుల్లగా ఉన్నది అంటగడతారు, జాగ్రత్త. వేలితో కొడితే గుల్లది మోగుతుంది. నేను ఇప్పుడు ఆ పరీక్ష చేయలేను, నువ్వు చేయగలవు.

ఊచను మెట్టులోకి పాతనివ్వొద్దు. అప్పుడు నేను చేసిన తప్పు అదే. పాతిన చోట నీళ్లు నిలిచి తుప్పు పుట్టింది. మెట్టు పక్కభాగానికి చిన్న ఇనుప పలక బిగించి దాని మీద ఊచ నిలబెట్టమను. నందు స్టీలే కావాలంటే స్టీలే వేసుకోండి. తక్కువ రకం తెస్తే మాత్రం రెండు వానలకే మచ్చలు పడతాయి, ఏ రకమో కాగితం మీద రాయించుకో.

ఒక్క సంగతి మరిచిపోకు. మెట్లు తిరిగే మలుపు దగ్గర నేను మెలి తిప్పిన ఊచ ఒకటి ఉంది. కొత్తవి ఏవైనా పెట్టుకోండి, దాన్ని మాత్రం అక్కడే ఉంచండి. బావకు అది మొదటి నుంచీ నచ్చదని తెలుసు. అయినా ఉంచండి. ఎందుకని అడగకు.

అత్తమ్మకు నా నమస్కారం చెప్పు.

ప్రేమ్‌రాజ్

*

గౌలిపుర,
8 జూలై 2024

అన్నా,

నీ ఉత్తరం పోస్టాయన దుకాణంలో ఇచ్చిపోతే, మీ బావ దాన్ని పెరుగు కుండ మీద మూతగా పెట్టాడు. నా చేతికి వచ్చేసరికి మొగులయ్య పని ముగించి వెళ్లిపోయాడు. స్టీలే వేశాం. నాలుగు మెట్లకొక స్తంభం, మధ్యలో మెట్ల వాలుకు తగ్గట్టు మూడు పైపులు. పిల్లలు ఎక్కుతారన్న సంగతి నువ్వు రాశాక గానీ మాకు తట్టలేదు. మెరుపు మాత్రం మస్తుగా ఉంది. నందు వాటి ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

మెలి ఊచ ఉంచమన్నావు. కోపం తెచ్చుకోకు, దాన్నీ తీసేశాం. మేడ గదిలో పాలు పొంగించిన నాడు మీ బావ బంధువులందరి ముందు "ఫ్యాక్టరీల గూడ గిట్లనే వంకరగ చేస్తరా బావా" అన్నది నాకు గుర్తే. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. ఆ తర్వాత ఎన్నిసార్లు మా ఇంటికి వచ్చినా నువ్వు మేడ ఎక్కలేదు. నందు నిన్ను వంకర ఊచ మామ అని పిలిచేవాడు. ఒక్కదాన్ని తిన్నగా చేసిపో అన్నా అని నేనే బతిమిలాడాను, విన్నావా? ఇన్నేళ్ల తర్వాత కూడా నీ పంతం పోలేదని నీ ఉత్తరం చదివి అనుకున్నాను.

పాత ఊచలన్నీ తూకానికి పోయాయి. ఆ మెలిదాన్ని మాత్రం అత్త పోనివ్వలేదు. మొగులయ్య కోసి కింద పడేయగానే, చప్పుడు విని గోడ పట్టుకుంటూ వచ్చి, వెతికి తీసుకుని మంచం కింద పెట్టుకుంది. ఇనుప ముక్క మంచం కింద పెట్టుకుంటే గాలీ ధూళీ దగ్గరికి రావంటారు కదా. ఆమె దేనికో దడుసుకుందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

ఆ రోజు నుంచే మేడ ఎక్కడం మానేసింది. మోకాళ్లంటుంది, స్టీలు చేతికి చల్లగా తగులుతుందంటుంది. నాలుగు కాగానే అవతలి నుంచి ఆగమ్మ పిలుస్తుంది. "ఓ కొమురమ్మా, నీ కడియం సప్పుడు లేదేంది?" అత్త మెట్లెక్కుతుంటే చేతి వెండి కడియం ఊచలకు టక్కుటక్కుమని తగిలేది. అది విని ఆగమ్మ ముక్కాలిపీట జరుపుకునేది. ఇప్పుడు అత్త కింద కూర్చుని ఆ పిలుపు వింటుంది, పలకదు.

హుస్సేనీ ఆలంలో దడుపుకు దారం కట్టే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆమె ముఖం చాలాసేపు చూసి, దారం కట్టి, "డర్ నహీ, గుస్సా హై" అన్నాడు. భయం కాదు, కోపమట. ఎవరి మీదో అడగబోతే ఈమె లేచి నిలబడింది. నువ్వూ అలిగావా? రాయి.

యశోద

*

మంచిర్యాల,
15 జూలై 2024

యశోదా,

నాకు అలక లేదు. ఉత్తరం ఆలస్యంగా చేరడం నా దురదృష్టం, మీ తప్పు కాదు.

అత్తమ్మను రెండు రోజులు గమనించు. పళ్లెంలో కూర ఎక్కడుందో చూసి తీసుకుంటుందా, వేలితో వెతుక్కుంటుందా? నువ్వు మాట్లాడకుండా ఎదురుగా నిలబడితే పలకరిస్తుందా? దారం కట్టించడం వల్ల నష్టం లేదు గానీ ఆమెకు పట్టింది గాలి కాదు.

కింద రాసిన మాటలు ఆమె ఒక్కతే ఉన్నప్పుడు చదివి వినిపించు.

"అత్తమ్మా, నీకు ఇచ్చిన మాట ఇంకా నా దగ్గర భద్రంగానే ఉంది. ఇక దాన్ని వదిలిపెట్టమంటావా?"

ఆమె ఏమంటే అదే రాయి, నీ సొంతం ఏమీ కలపకు. అప్పటిదాకా సాయంత్రం నాలుగింటికి నువ్వే చేయి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లు. వద్దన్నా తీసుకెళ్లు.

ప్రేమ్‌రాజ్

*

గౌలిపుర,
22 జూలై 2024

అన్నా,

చదివాను. చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆగిపోయాయి. "వదలొద్దని రాయి" అంది. మళ్లీ తుంచడం మొదలుపెట్టింది. నా సొంతం ఏమీ కలపలేదు.

కలిపింది మీ బావ. పాల క్యాను పట్టుకుని గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. "నాకు సమజైంది. సుజనను నందుకు ఇస్తనని మీ అన్న మా అమ్మకు మాటిచ్చిండు. గిప్పుడు బయటి సంబంధం కుదిరిందని మనసుల పెట్టుకున్నడు. ఊచ లేదు, గీచ లేదు" అన్నాడు. రెండు రోజులు ఇంట్లో ఒకటే లొల్లి. నందు అన్నం దగ్గర తల ఎత్తడం లేదు.

నిజం చెబుతున్నాను, నాకూ అలాగే అనిపించింది. మన వైపు మేనరికం కొత్తేమీ కాదు. సుజనకు పాతికేళ్లు దాటాయి. నువ్వు ఒక్కసారి నోరు విడిచి అడిగి ఉంటే నేను కాదనేదాన్నా? అత్తా నువ్వూ ఏదో అనుకుని, ఇప్పుడు ఊచల పేరు పెట్టి అలుగుతుంటే నేను ఎవరికి సర్దిచెప్పాలి? లావణ్య వాళ్లకు మాటిచ్చేశాం. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుక్కలా ఉండాలి అంటే ఎలా కుదురుతుంది?

పళ్లెంలో కూర సంగతి ఎందుకు అడిగావో నాకు అర్థం కాలేదు. అందరం వేళ్లతోనే తింటాం కదా. మేడ మీదికి చేయి పట్టుకుని తీసుకెళ్లబోతే విదిలించుకుంది. "నేనేమన్న చిన్నపిల్లనా?" అంది. ఇక నా వల్ల కాదు.

యశోద

*

మంచిర్యాల,
26 జూలై 2024

యశోదా,

నీ ఉత్తరం సుజన చదివి మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. "నందు బావనా? పాలు విరిగినయో లేదో గూడ తెల్వదు ఆయనకు" అంది. ఆమెకు నచ్చినవాడు వేరే ఉన్నాడు, ఆ సంగతి ఈ నవ్వులోనే నాకూ తెలిసింది. నీ పుణ్యమా అని మా ఇంట్లో ఒక రహస్యం బయటపడింది. నందును నిశ్చింతగా అన్నం తినమను.

అత్తమ్మ వదలొద్దంది కాబట్టి నేను మాట వదలను. కానీ ఆమెను ఆ మెట్ల మీద ఒంటరిగా అడుగు పెట్టనివ్వకు. ముఖ్యంగా మలుపు దగ్గర. ఇంతకన్నా రాయలేను. ఇంత రాయడమే ఎక్కువ.

ప్రేమ్‌రాజ్

*

గౌలిపుర,
31 జూలై 2024

అన్నా,

అత్త చేయి విరిగిందని సుజన చెప్పే ఉంటుంది. ఫోన్లో చెప్పలేనివి ఇక్కడ రాస్తున్నాను. నీ ఉత్తరం సోమవారం చేరింది. జరగాల్సింది ఆదివారమే జరిగిపోయింది.

లావణ్య వాళ్లు పదకొండు మంది వచ్చారు. భోజనాలయ్యాక వీధిలో బోనాలు పోతుంటే చూద్దామని అందరినీ మేడ మీదికి తీసుకెళ్లాను. డప్పుల మోతకు పిట్టగోడ అదురుతోంది. పెద్దామె రాలేదేమని లావణ్య తల్లి అడిగింది. నందు పైనుంచే పిలిచాడు. "నాయినమ్మా, రా, నీ కోసమే కుర్సీ ఏసిన."

కొత్తవాళ్ల ముందు రానంటే బాగుండదనుకుందేమో, లేచి వచ్చింది. పైపు పట్టుకుని బాగానే ఎక్కింది. మలుపు దగ్గర తిరగాల్సింది తిరగలేదు. తిన్నగా గోడ మీదికి అడుగు వేసింది. నుదురు కొట్టుకుని వెనక్కి పడింది. మూడు మెట్లు జారాక మీ బావ పట్టుకున్నాడు. కుడి మణికట్టు విరిగింది. వాపు వల్ల వెండి కడియం రాకపోతే దవాఖానలో కోసి తీశారు.

కాగితం మీద వేలిముద్ర వేయమని డాక్టరమ్మ సిరా డబ్బా ముందు పెట్టింది. అత్త ఎడమచేయి గాలిలో వెతికింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, చూపు పోయి ఎన్నాళ్లయిందని అడిగింది. పోలేదు, మందగించిందంతే అన్నాను. ఆమె చిన్న లైటు తీసి అత్త కళ్లలో వేసింది. అత్త ముఖం అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. రెండు కళ్లలోనూ వెలుగు తప్ప ఏమీ తెలియడం లేదట. ఏళ్ల కిందటే పోయి ఉంటుందట.

అన్నా, ముప్పై ఏళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం. నాకు తెలియలేదు. నువ్వు అడిగిన కూర సంగతి ఆ బల్ల దగ్గరే గుర్తొచ్చింది. నేను కూర ఎప్పుడూ కుడివైపే వేస్తాను. ఒకసారి ఎడమవైపు వేస్తే "నీ మనసు ఏడున్నది?" అని గసిరింది. పెద్దతనం చాదస్తం అనుకున్నాను. రోజూ తనంతట తాను మేడెక్కి దిగే మనిషికి కళ్లు లేవని ఎవరు అనుకుంటారు? నాకు నా మీదే సిగ్గుగా ఉంది.

ఇంటికి వచ్చి పడుకోబెట్టాక తనే అంది. "మీ అన్నకు రాయి బిడ్డా. మాట ఇడిసిపెట్టుమన్న అని రాయి. ఇగ నాతోని గాదు."

మీ బావ రెండు రోజులుగా దుకాణం తెరవలేదు, ఆ మెట్ల మీదే కూర్చుంటున్నాడు. చెప్పు అన్నా. ఏం మాట అది?

యశోద

*

మంచిర్యాల,
6 ఆగస్టు 2024

యశోదా,

ఇది నువ్వూ బావా కలిసి చదవండి. తర్వాత అత్తమ్మకు వినిపించండి, నేను ఎక్కడైనా తప్పు రాస్తే ఆమె సరిచేస్తుంది.

నేను మెట్లకు ఊచలు కొలుస్తున్న రోజు మధ్యాహ్నం మీరంతా దుకాణంలో ఉన్నారు. అత్తమ్మ నాకు మజ్జిగ తెచ్చి మెట్టు మీద కూర్చుంది. అప్పటికి ఆమెకు నీ ఇప్పటి వయసే. మలుపు దగ్గర ఒక ఊచ చేతికి వేరుగా తగిలేటట్టు పెట్టగలవా అని అడిగింది. ఎందుకని అడిగాను. వాళ్ల అమ్మకు అరవై దాటాక చూపు పోయిందట. తనకూ పక్కల నుంచి కనపడటం తగ్గుతోందని ఆమెకు అప్పటికే తెలుసు. చూపు పోయిన నాటి నుంచి వాళ్ల అమ్మను గడప పక్కన కూర్చోబెట్టారట. పడుతుందని ఎవరూ లేవనిచ్చేవారు కాదు. పన్నెండేళ్లు అక్కడే కూర్చుని పోయింది.

"కండ్లు పోతయని భయం లేదు బిడ్డా. కూసబెడ్తరని భయం. ఎవ్వలకు చెప్పకు" అంది. నేను మాటిచ్చాను.

ఆమెను కళ్లు మూసుకుని ఎక్కమన్నాను. మలుపు దగ్గర చేయి ఎక్కడ తగిలిందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాను. ఆ ఊచను ఎర్రగా కాల్చి, మెలి సరిగ్గా ఆ గీత మీద పడేటట్టు తిప్పాను. మెట్టుకు రెండు ఊచల చొప్పున పెట్టింది కూడా ఆమె లెక్క కోసమే. కళ్లున్న రోజుల్లోనే ఆమె కళ్లు మూసుకుని ఎక్కడం నేర్చుకుంది. నువ్వు విన్న కడియం చప్పుడు ఆ లెక్కే.

పాలు పొంగించిన నాడు బావ నవ్వినప్పుడు ఆమె నా వైపు చూసింది. చెప్పేస్తానేమోనని ఆమె భయం. నేనూ నవ్వేశాను. మేడ ఎందుకు ఎక్కలేదంటే, ఆ ఊచ మీద మళ్లీ మాట వస్తే ఈసారి నవ్వలేనేమోనని. అంతే తప్ప పంతం కాదు.

దాన్ని మళ్లీ పెట్టండి. స్టీలుకు వెల్డింగ్ చేయించొద్దు, అతుకు దగ్గర తుప్పు కారుతుంది. పై పైపుకు ఒకటి, కింది పైపుకు ఒకటి బిగింపు పట్టీలు తెచ్చి, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క పెట్టి నట్లు బిగిస్తే చాలు. ఎత్తు మాత్రం ఇప్పుడు మళ్లీ చూసుకోండి. ఈ వయసులో మనిషి కుంగుతుంది.

ప్రేమ్‌రాజ్

*

గౌలిపుర,
21 సెప్టెంబర్ 2024

అన్నా,

నెలన్నర రాయలేదు. రాయలేక కాదు, రాస్తే ఏం రాస్తానోనని.

అత్తను కంటి దవాఖానకు తీసుకెళ్లాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందట, పోయిన చూపు తిరిగి రాదట. ఇరవై ఆరేళ్ల కింద పక్కచూపు తగ్గినప్పుడే చుక్కల మందు మొదలుపెట్టి ఉంటే చాలావరకు నిలిచేదని డాక్టరు చెప్పాడు. ఇది రక్తసంబంధంలో వస్తుందని నందునూ, మీ బావనూ కూడా పరీక్ష చేశాడు. నందుకు ఏమీ లేదు. మీ బావకు మొదలైంది. ఎడమ కంటికి పక్కచూపు అప్పుడే కొంత పోయింది. ఆయనకు తెలియనే తెలియదు. ఇప్పుడు పొద్దునా సాయంత్రం చుక్కలు వేస్తున్నాను. జీవితాంతం వేయాలి, వేస్తే ఉన్నది ఉంటుందన్నారు.

నువ్వు మాట నిలబెట్టుకున్నావు అన్నా. నీ మాట నిలిచింది, ఆమె చూపు పోయింది. ఈ వాక్యం రాసి రెండు రోజులు కాగితం పక్కన పెట్టాను. కొట్టేయాలనిపించలేదు. ఆమె అడిగింది, నువ్వు ఒప్పుకున్నావు, నాకు అర్థమవుతుంది. అయినా ఒక్కసారి, నా ఒక్కదానితో, చెప్పి ఉండాల్సింది.

అత్తనూ అడిగాను, అప్పుడే చెప్పి ఉంటే మందు వేసేవాళ్లం కదా అని. "మందేస్తుంటిరి. కూసబెడ్తుంటిరి గూడ" అంది. చేయి విరిగిన నాటి నుంచి నేను చేసింది అదే మరి. మంచం దిగితే పడతావు, గడప దాటితే పడతావు. ఆగమ్మ నాలుగింటికి పిలిచి పిలిచి, పది రోజుల తర్వాత పిలవడం మానేసింది.

పోయిన వారం కట్టు విప్పారు. మరునాడు మీ బావ మంచం కిందికి వంగి ఆ ఊచను బయటికి లాగాడు. మొగులయ్యను పిలుస్తానంటే వద్దన్నాడు. నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని, పట్టీలూ నట్లూ తనే తెచ్చి, సైకిల్ ట్యూబు కోసి, పొద్దంతా కూర్చుని బిగించాడు. అత్తను పిలిచి చేయి పెట్టించాడు. "రెండు వేళ్లంత కిందికి" అంది. విప్పి రెండు వేళ్లు కిందికి దించాడు. మళ్లీ పెట్టి చూసింది. తల ఊపింది. ఈ పైపుల్లో లెక్కకు ఊచలు లేవు కదా అని నేను భయపడితే, మలుపు దొరికితే చాలు, మిగిలింది కాళ్లకు తెలుసంది.

నాలుగింటికి ఎక్కింది. నేను వెనకాలే వెళ్లబోతే మీ బావ నా కొంగు పట్టుకుని ఆపాడు. నందు అతికించి తెచ్చిన కడియం మళ్లీ చేతికి ఉంది. పైపు వెంట చేయి జరుపుకుంటూ పోయింది, చప్పుడు లేదు. మలుపు దగ్గర కడియం ఊచకు ఒక్కసారి టక్కుమంది. ఆగింది. తిరిగింది. ఎక్కింది. అవతలి మేడ మీద ముక్కాలిపీట జరిగిన చప్పుడైంది. "ఇన్ని దినాలు ఏడ సచ్చినవే?" అని ఆగమ్మ గొంతు. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారో నవ్వారో కింది నుంచి తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

మీ బావ ఆ నట్లు ఇంకా బిగిస్తూనే ఉన్నాడు. చాలు, విరుగుతాయి అన్నాను. "అమ్మ ఒక్కదానికైతే చాలు" అన్నాడు. లేచి నాలుగు మెట్లు దిగి, కళ్లు మూసుకుని ఎక్కి వచ్చాడు. చేయి పైపు మీదే జారిపోయింది, మెలి కిందనే ఉండిపోయింది. అత్త ఎత్తు వేరు, ఆయన ఎత్తు వేరు కదా. కళ్లు తెరిచి ఇలా అన్నాడు.

"మీ అన్నను రమ్మని రాయి. తిట్టేది మస్తుగున్నది, కాయిదం మీద కుదరదు. చెవులు గూడ వినవడయి గద, ఎదురుంగ నిలవెట్టి తిట్టాలె. నా ఎత్తుకు ఇంకోటి తిప్పాలె, గది గూడ చెప్పు."

నాకూ నీ మీద కోపం తగ్గలేదు. అదీ ఎదురుగానే. ఆయన చేయి ఎంత ఎత్తున తగులుతుందో టేపు పెట్టి కొలిచి రాద్దామని కూర్చున్నాను గానీ, రాయను. సుద్దముక్క తెచ్చి పెట్టాను. నువ్వే వచ్చి గీసుకో.

నీ చెల్లె
యశోద